పాఠం కోసం జిరాక్స్.. నేరం కాదు, హక్కు

యూనివర్సిటీ లైబ్రరీల్లో జిరాక్స్ మిషన్ ఉన్న గోడకు ఓ కాగితం అంటించి ఉంటుంది. పుస్తకాలను ఫొటోకాపీ తీయడం కాపీరైట్ చట్టం ప్రకారం నేరం అని. ఇంకొన్నిచోట్ల కాస్త దయతలచి, పది పేజీలకు మించి తీయబడవు అని రాస్తారు. ఆ పది లెక్క ఎక్కడిదని అడిగితే అంటించినవాళ్లూ చెప్పలేరు. అదే కాగితం కింద నిలబడి, టెలిగ్రామ్ గ్రూపులోంచి అయిదొందల పేజీల పుస్తకాన్ని పీడీఎఫ్‌గా ఫోన్లోకి దించుకునే విద్యార్థికి మాత్రం ఏ జంకూ ఉండదు. చట్టం సరేనన్న చోట భయం. చట్టం వద్దన్న చోట ధీమా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాఠం చెప్పడానికీ నేర్చుకోవడానికీ పుస్తకంలోంచి కావలసిన భాగాన్ని కాపీ తీసుకునే హక్కు ఈ దేశంలో అధ్యాపకుడికీ విద్యార్థికీ ఉంది. కోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పి ఏళ్లు గడిచాయి. అయినా మన క్యాంపస్‌లలో ఆ హక్కు అక్కరకు రావడం లేదంటే తప్పు పబ్లిషర్లది కాదు. ఏ పుస్తకంలో ఏ పేజీలు చదవాలో చెప్పని మన సిలబస్‌లది, చెప్పించుకోని మనది.

చట్టం సంగతి ముందు చూద్దాం. ‘ఫెయిర్ యూజ్’ అనే మాట అమెరికా నుంచి వచ్చింది. అక్కడి చట్టం నాలుగు ప్రశ్నలు వేస్తుంది. ఎందుకోసం వాడుతున్నారు, అది ఎలాంటి రచన, ఎంత భాగం తీసుకున్నారు, దానివల్ల అసలు పుస్తకం అమ్మకం దెబ్బతింటుందా? ఈ నాలుగూ తూకం వేసి కోర్టు తేలుస్తుంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. మన దగ్గర మాట ‘ఫెయిర్ డీలింగ్’. సొంత అవసరానికి, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు సముచితమైన మేర వాడుకోవచ్చని 52వ సెక్షన్‌లోని ‘ఏ’ క్లాజు చెబుతుంది. అదే సెక్షన్‌లో ‘ఐ’ క్లాజు ఒకటుంది. బోధనా క్రమంలో టీచర్ గానీ విద్యార్థి గానీ ఏ రచననైనా కాపీ చేస్తే అది ఉల్లంఘన కాదు. ప్రశ్నపత్రంలో ఇచ్చినా, జవాబులో రాసినా అంతే. ఇన్ని పేజీలు, ఇంత శాతం అనే లెక్క ఆ క్లాజులో ఎక్కడా లేదు. మన గోడ మీది ‘పది పేజీలు’ ఆ క్లాజులోంచి వచ్చింది కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ క్లాజు ఎంత బలమైనదో తేల్చింది ఢిల్లీ యూనివర్సిటీ కేసు. లా విద్యార్థులు దీన్ని మేధోసంపత్తి పేపర్‌లో చదువుతారు. మిగతావాళ్లకు దీని పేరు కూడా తెలియదు. నిజానికి ఇది అందరి కేసు.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అని ఓ చిన్న దుకాణం. యూనివర్సిటీ ఇచ్చిన లైసెన్సుతోనే నడిచేది. అధ్యాపకులు సిలబస్‌కు తగ్గట్టు ఈ పుస్తకంలో ఒక అధ్యాయం, ఆ పుస్తకంలో పాతిక పేజీలు అని జాబితా ఇస్తారు. దుకాణం వాళ్లు వాటిని లైబ్రరీ పుస్తకాల నుంచి కాపీ తీసి, స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. దాన్నే ‘కోర్స్ ప్యాక్’ అంటారు. పేజీకి 40 పైసలు. అంటే మూడొందల పేజీల ప్యాక్ 120 రూపాయలకు వచ్చేది. అదే అధ్యాయాల కోసం ఆ పుస్తకాలన్నీ కొనాలంటే ఓ సాధారణ కుటుంబంలో పిల్లాడికి ఏడాది ఖర్చుకు సరిపోయే డబ్బు కావాలి. పైగా వాటిలో చాలావరకు విదేశీ ప్రచురణలు, రేట్లు కూడా విదేశీవే.

2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. ఆ దుకాణాన్నీ, యూనివర్సిటీనీ ప్రతివాదులుగా చేర్చాయి. 60 లక్షల రూపాయల నష్టపరిహారం అడిగాయి. ప్యాక్‌లు తయారుచేయకుండా ఆ ఏడాదే కోర్టు తాత్కాలికంగా ఆపేసింది కూడా. అక్కడితో కథ ముగియాల్సింది. కానీ విద్యార్థులు ఊరుకోలేదు. సంఘంగా ఏర్పడి, మేమూ ఈ కేసులో పార్టీలమే అంటూ కోర్టులో నిలబడ్డారు. దుకాణం వాడి గొడవ మనకెందుకులే అని వాళ్లు అనుకుని ఉంటే ఇవాళ ఈ తీర్పు మనకు ఉండేది కాదు. వందలాది మంది అధ్యాపకులు, రచయితలు పబ్లిషర్లకు బహిరంగ లేఖ రాశారు. ఎవరి పుస్తకాల పేరు చెప్పి కేసు వేశారో ఆ రచయితల్లో కొందరు కూడా అందులో సంతకాలు పెట్టారు. ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ రచయితల్లో ఒకరైన అమర్త్యసేన్ సైతం, చట్టాన్ని పూర్తి బలంతో విద్యార్థుల మీదికి తేవొద్దని తన పబ్లిషర్‌నే కోరారు.

నాలుగేళ్ల తర్వాత, 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా తీర్పు చెప్పారు. దావా కొట్టేశారు. కాపీరైట్ అనేది దేవుడిచ్చిన హక్కో, పుట్టుకతో వచ్చిన హక్కో కాదనీ, సమాజానికి మేలు జరగడం కోసం చట్టం కల్పించిన హక్కు మాత్రమేననీ ఆ తీర్పు సారాంశం. ఇంకో మాట కూడా ఉంది అందులో. ఒకప్పుడు విద్యార్థులు లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకునేవారు, దాన్నెవరూ తప్పనలేదు. ఇప్పుడు యంత్రం ఆ పని చేస్తోంది. చేత్తో రాస్తే ఒప్పయింది, మిషన్‌తో తీస్తే తప్పెలా అవుతుంది?

పబ్లిషర్లు అప్పీలుకు వెళ్లారు. 2016 డిసెంబరు 9న జస్టిస్ ప్రదీప్ నంద్రాజోగ్, జస్టిస్ యోగేష్ ఖన్నాల ధర్మాసనం ఇచ్చిన తీర్పు మనకు ఇంకా ముఖ్యం. ‘బోధనా క్రమం’ అంటే తరగతి గదిలో గంట కొట్టింది మొదలు మళ్లీ గంట కొట్టేవరకు మాత్రమే అన్నది పబ్లిషర్ల వాదన. కాదు, క్లాసుకు ముందు చదువుకుని రావడం, తర్వాత నెమరువేసుకోవడం అన్నీ బోధనలో భాగమేనంది కోర్టు. అమెరికావాళ్ల నాలుగు ప్రశ్నలను తెచ్చి ఇక్కడ పెట్టాల్సిన పని లేదంది. ఎన్ని పేజీలన్నది కాదు కొలమానం, ఆ పాఠానికి అవి అవసరమా కాదా అన్నదే కొలమానం అంది. అమ్మకాలు పడిపోతాయన్న వాదననూ ఒప్పుకోలేదు. ప్యాక్ దొరక్కపోతే విద్యార్థి ముప్పై నలభై పుస్తకాలు కొంటాడా? లైబ్రరీలో కూర్చుని చదువుకుంటాడు. కాబట్టి అతను ఆ పుస్తకాలకు పోగొట్టుకున్న కొనుగోలుదారు కాదు. పైగా చదువుకున్నవాళ్లు పెరిగితే రేపు పుస్తకాల మార్కెట్టే పెరుగుతుందని కూడా ధర్మాసనం గుర్తుచేసింది.

అయితే ఈ తీర్పును చాలామంది ‘జిరాక్స్‌కు ఫుల్ పర్మిషన్’ అని చదువుకున్నారు. అది తప్పు. ప్యాక్‌లో పెట్టిన భాగాలు నిజంగా ఆ కోర్సుకు అవసరమైనవేనా, కొన్ని పుస్తకాలను ఆసాంతం కాపీ చేయడం కుదురుతుందా అన్న రెండు ప్రశ్నలపై విచారణ జరపమని ధర్మాసనం కేసును వెనక్కి పంపింది. ఆ విచారణ జరగనే లేదు. 2017 మార్చిలో పబ్లిషర్లే దావా వెనక్కి తీసుకున్నారు. ఆ మేలో మరో సంస్థ వేసిన అప్పీలును సుప్రీంకోర్టు కొట్టేసింది. అందువల్ల అధ్యాయాల విషయం తేలింది, మొత్తం పుస్తకం విషయం తేలకుండానే మిగిలిపోయింది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ తీర్పు మొత్తం ఓ మనిషి మీద నిలబడి ఉంది. ఆయన అధ్యాపకుడు. ఈ పాఠానికి ఈ పేజీలు చదవాలి అని ఎంచి చెప్పే అధ్యాపకుడు. ఆయన జాబితా ఉంది కాబట్టే అది కోర్స్ ప్యాక్ అయింది, ఆయన అవసరమన్నాడు కాబట్టే అది బోధన అయింది. ఆ జాబితా తీసేస్తే మిగిలేది ఓ జిరాక్స్ షాపు మాత్రమే.

మన దగ్గర ఆ జాబితా ఎక్కడుంది? ఏ డిగ్రీ సిలబస్ అయినా తిరగేయండి. చివర్లో ‘రిఫరెన్స్ బుక్స్’ అని ఎనిమిదో పదో పుస్తకాల పేర్లుంటాయి. ఏ యూనిట్‌కు ఏ పుస్తకం, అందులో ఎన్నో అధ్యాయం, ఎన్నో పేజీ నుంచి ఎన్నో పేజీ వరకు అన్నది ఉండదు. సిలబస్ మారినా ఆ పేర్లు మారవు. కొన్ని పుస్తకాలు మార్కెట్లో దొరకడం మానేసి ఎన్నాళ్లయిందో ఎవరూ చూడరు. లైబ్రరీలో ఉంటే ఒక్క కాపీ ఉంటుంది, అదీ రిఫరెన్స్ సెక్షన్‌లో, ఇంటికివ్వరు. దాంతో పిల్లలు ఎటు పోతారు? కాలేజీ గేటు ఎదురుగా ఉన్న షాపుకు. అక్కడ ఆలిన్‌వన్ ఉంటుంది, గైడ్ ఉంటుంది, సీనియర్ల చేతిరాత నోట్స్ ఉంటాయి, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఉంటాయి. సెమిస్టర్‌కు వారం ముందు ఆ షాపులో ఉండే రద్దీ లైబ్రరీలో ఏడాది మొత్తంలో ఏ ఒక్క రోజూ ఉండదు. ఇందులో విద్యార్థిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఏం చదవాలో చెప్పనప్పుడు ఏం వస్తుందో చెప్పేవాడి దగ్గరికే పోతాడు.

ఢిల్లీ విద్యార్థులు కొట్లాడి తెచ్చిన హక్కు మనకూ వర్తిస్తుంది. దాన్ని వాడుకునే సరంజామా మాత్రం మన దగ్గర లేదు. ఒక పేపర్‌కు అయిదు యూనిట్లు. యూనిట్‌కు ముప్పై నలభై పేజీలు ఎంచితే రెండొందల పేజీలు లోపే. అధ్యాపకుడు సెలవుల్లో నాలుగు రోజులు కూర్చుంటే అయిపోయే పని. లైబ్రరీలో ఆ ప్యాక్ ఓ మాస్టర్ కాపీ పెడితే కావలసినవాళ్లు తీసుకుంటారు. అప్పుడు ఎంఏ ఎకనామిక్స్ కుర్రాడు గైడ్‌లో ఎవరో కుదించి రాసిన ముక్కలు కాకుండా, అసలు ఆర్థికవేత్త రాసిన అధ్యాయమే చదువుతాడు. పీజీ ఎంట్రన్స్‌లోనూ, నెట్‌లోనూ, సివిల్స్‌లోనూ ఈ తేడా ఎక్కడ బయటపడుతుందో ఆ పరీక్షలు రాసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అధ్యాపకుల మీద భారం ఎక్కువన్నది నిజమే. గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొచ్చే డిపార్ట్‌మెంట్లలో ఎవరు కూర్చుని ఎంచుతారు అన్న ప్రశ్నా న్యాయమైనదే. కానీ ఆ సమాధానం చెప్పాల్సింది ప్రభుత్వం. అది కాపీరైట్ ఖాతాలో రాయాల్సిన లెక్క కాదు.

ఇప్పుడు పీడీఎఫ్‌ల దగ్గరికి. క్లాసులో అరవై మందికి అధ్యాపకుడు ఓ అధ్యాయం స్కాన్ చేసి క్లాస్ గ్రూపులో పెడితే? ఢిల్లీ తీర్పు కాగితం మీది కాపీల గురించి వచ్చింది. ఆన్‌లైన్ క్లాస్‌రూమ్ గురించి సూటిగా చెప్పలేదు. నా మటుకు, గ్రూపు ఆ క్లాసుకే పరిమితమైతే, పాఠానికి కావలసిన భాగమే అయితే, అదే తర్కం ఇక్కడా నిలవాలి. కాగితానికి ఓ న్యాయం, ఫోన్‌కు ఓ న్యాయం ఉండటానికి కారణం కనబడదు. కానీ నలభై వేల మంది సభ్యులున్న టెలిగ్రామ్ చానెల్‌లో పుస్తకం పుస్తకమంతా పెట్టడం దీనికిందికి రాదు. అక్కడ టీచర్ లేడు, క్లాసు లేదు, బోధన లేదు. ఉన్నదల్లా ఫార్వర్డ్. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద తెలిసి చేసే ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. లాభం కోసం చేయకపోతే కోర్టు శిక్ష తగ్గించవచ్చు. అంతేగానీ నేరం నేరమే. ‘మెటీరియల్ కావాలంటే 99 రూపాయలు ఫోన్‌పే చేయండి’ అనేవాడికి ఆ తగ్గింపు కూడా దొరకదు.

పబ్లిషర్లు కోటీశ్వరులు, వాళ్లకేం నష్టం అనే మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. కేంబ్రిడ్జ్ గురించి ఆ మాట అంటే కొంతవరకు ఒప్పుకుంటాను. తెలుగు పుస్తకం గురించి అంటే ఒప్పుకోను. తెలుగులో ఓ గట్టి చరిత్ర పుస్తకమో, అర్థశాస్త్రం అనువాదమో వెయ్యి కాపీలు వేయడమే సాహసం. వేసినవాళ్లు అవి అమ్ముకోవడానికి హైదరాబాద్, విజయవాడ బుక్ ఫెయిర్‌ల దాకా మోసుకెళ్లి, పది రోజులు స్టాల్‌లో నిలబడతారు. ఆ పుస్తకం గ్రూప్స్ అభ్యర్థులకు పనికొస్తుందని పేరొస్తే చాలు, నెల తిరక్కుండా స్కాన్ కాపీ ఊరంతా తిరుగుతుంది. రెండో ముద్రణ ఉండదు. ఆ రచయిత మళ్లీ రాయడు, ఆ పబ్లిషర్ మళ్లీ వేయడు. తెలుగు మీడియంలో మంచి పుస్తకాలు లేవని వాపోయేదీ మనమే, వచ్చిన ఒకటీ అరా నిలబడకుండా చేసేదీ మనమే. మూడొందల రూపాయల తెలుగు పుస్తకాన్ని అయిదు వేల రూపాయల విదేశీ పుస్తకంతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. చట్టం రెండింటినీ ఒకేలా చూస్తుంది, నిజమే. మన విచక్షణ అలా చూడనక్కర్లేదు.

మరి డబ్బులు పెట్టి కొందామన్నా పుస్తకం దొరకకపోతే? తెలుగు అకాడమీ 1968లో పుట్టింది. తెలుగు మీడియంలో చదివే, పోటీ పరీక్షలు రాసే వాళ్లందరికీ ఆ పుస్తకాలే దిక్కు. నోటిఫికేషన్ రాగానే వినబడే మాట ‘స్టాక్ లేదు’. ఇలాంటి చోట లైబ్రరీలకు చట్టం ఓ దారి ఇచ్చింది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన అవసరం కోసం మూడు కాపీల వరకు తీసుకోవచ్చు. తన దగ్గర ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో దాచుకోవచ్చని 2012 సవరణ చెప్పింది. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో, జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనో ఒక్క కాపీ కోసం పదిమంది పొద్దున్నే కాచుక్కూర్చునే దృశ్యం మనకు కొత్త కాదు. అమ్మకానికి ఎక్కడా లేదని తేలిన పుస్తకానికి ఆ ఒక్కటి నాలుగు కావచ్చు. ఈ క్లాజు ఉందని లైబ్రేరియన్‌కు చెప్పేవాళ్లు కావాలి.

తెలుగు ఎంఏ విద్యార్థులకు ఇంకా తేలిక. మన దగ్గర కాపీరైట్ రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. గురజాడ పోయింది 1915లో, కందుకూరి 1919లో. వాళ్ల రచనలు ఎవరైనా, ఎన్నైనా అచ్చు వేసుకోవచ్చు. విశ్వనాథ 1976లో పోయారు, కాబట్టి 2036 చివరిదాకా హక్కులుంటాయి. శ్రీశ్రీ 1983. అంటే 2043 వరకు. పాత రచనకు కొత్తగా రాసిన పీఠిక, వ్యాఖ్యానం మాత్రం వాటిని రాసినవారివే. లా విద్యార్థులకూ ఇదే సూత్రం. తీర్పు పాఠం ఎవరైనా తీసుకోవచ్చు, చట్టం అడ్డుచెప్పదు. రిపోర్టర్ సంపాదకులు సొంతంగా రాసి చేర్చిన హెడ్‌నోట్ వాళ్లది.

అందరికంటే ఎక్కువగా వాడుకోవాల్సి ఉండీ, అందరికంటే తక్కువగా వాడుతున్న మినహాయింపు మరొకటుంది. 2012 సవరణతో చేరిన ‘జెడ్‌బీ’ క్లాజు. చూపు లేనివాళ్లు, మామూలు అచ్చు చదవలేనివాళ్ల కోసం పుస్తకాన్ని ఆసాంతం వాళ్లకు అనుకూలమైన రూపంలోకి మార్చవచ్చు. బ్రెయిలీ కావచ్చు, ఆడియో కావచ్చు, స్క్రీన్ రీడర్ చదవగలిగే టెక్స్ట్ కావచ్చు. వైకల్యం ఉన్నవాళ్ల సొంత చదువుకోసం తోటి విద్యార్థి అయినా చేసి ఇవ్వొచ్చు. లాభాపేక్ష లేకుండా పనిచేసే సంస్థలూ చేయొచ్చు. పబ్లిషర్ అనుమతి అక్కర్లేదు. ఇదే విషయంపై కుదిరిన మరకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

ఆచరణలో ఏం జరుగుతోంది? అంధ విద్యార్థికి మనం ఇచ్చేది స్కాన్ చేసిన పీడీఎఫ్. అది ఫొటోల కట్ట. స్క్రీన్ రీడర్‌కు అందులో అక్షరం కనిపించదు. ఇంగ్లిష్ పేజీ అయితే ఏదోలా టెక్స్ట్‌గా మారుతుంది. తెలుగులో ఒత్తులు, గుణింతాలు తారుమారై, ఎవరో కూర్చుని దిద్దితే తప్ప చదవడానికి పనికిరాదు. ఆ దిద్దే పని ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లు చేయొచ్చు. క్యాంపస్‌లో చెత్త ఏరి ఫొటో దిగడం కంటే, ఒక్కో వాలంటీర్ ఒక్కో అధ్యాయం యూనికోడ్‌లో టైపు చేస్తే ఏడాదికి ఓ షెల్ఫ్ పుస్తకాలు తయారవుతాయి. ఒకసారి తయారైతే తర్వాతి బ్యాచ్‌లకూ పనికొస్తాయి.

పై చదువులకు అమెరికా వెళ్లే మన పిల్లలు ఓ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడి ‘ఐ’ క్లాజు అక్కడ నడవదు. న్యూయార్క్‌లో కింకోస్ అనే ఫొటోకాపీ సంస్థ ఇలాగే ప్యాక్‌లు చేసి అమ్మితే 1991లో కోర్టు తప్పుపట్టింది. అప్పటి నుంచి అక్కడ అచ్చు ప్యాక్‌లంటే పబ్లిషర్లకు కట్టే అనుమతి రుసుము కూడా విద్యార్థి జేబులోంచే పోతుంది. లైబ్రరీ వెబ్‌సైట్‌లో అధ్యాయాలు పెట్టినందుకు జార్జియా స్టేట్ యూనివర్సిటీ మీద 2008లో కేసు పడింది. వేసినవాళ్లలో ఢిల్లీకి వచ్చిన ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రెస్‌లే ఉన్నాయి. పన్నెండేళ్లు సాగి, 2020లో చాలావరకు యూనివర్సిటీ వాదనే నెగ్గింది. కానీ ఒక్కో పుస్తకానికి నాలుగు ప్రశ్నలూ విడివిడిగా వేసి తేల్చారు. అక్కడి ప్రొఫెసర్ స్లైడ్‌లు, అసైన్‌మెంట్ ప్రశ్నలు ఇక్కడి అలవాటుకొద్దీ ఏదో సైట్‌లో అప్‌లోడ్ చేస్తే కాపీరైట్ గొడవ ఒక్కటే కాదు, యూనివర్సిటీ క్రమశిక్షణ కమిటీ ముందు కూడా నిలబడాల్సి రావొచ్చు. వీసా మీద చదివేవాళ్లకు అది చిన్న విషయం కాదు. అన్నట్టు, కాపీ తీసుకునే హక్కుందంటే పేరు చెప్పకుండా సొంత రాతగా చూపించుకునే హక్కుందని కాదు. అది ఇక్కడైనా అక్కడైనా చోరీయే.

‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వచ్చింది కదా, ఇక ఈ గొడవలన్నీ ఎందుకు అనొచ్చు. కేంద్రం 2024 నవంబరులో దానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13 వేల జర్నళ్లు. 6,300కు పైగా ప్రభుత్వ సంస్థల్లో ఉన్న విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులకు అందుతాయి. మంచిదే. రీసెర్చ్ స్కాలర్లకు పెద్ద ఊరట. కానీ అవి పరిశోధన పత్రికలు. మన డిగ్రీ విద్యార్థికి కావలసింది పాఠ్యపుస్తకంలో అధ్యాయం. అది అందులో దొరకదు. ప్రైవేటు కాలేజీలు ఆ పథకం పరిధిలోనే లేవు. తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ చదివేవాళ్లలో ఎంతమంది ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారో మనకు తెలియనిది కాదు.

కాబట్టి తిరిగి సిలబస్ దగ్గరికే రావాలి. అటానమస్ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో సిలబస్ ఖరారు చేసేది బోర్డ్ ఆఫ్ స్టడీస్. అటానమస్ కాలేజీ బోర్డుల్లో పూర్వ విద్యార్థి ఒకరికి కూడా చోటుంటుంది. మీ డిపార్ట్‌మెంట్‌కు ఆ సభ్యుడెవరో కనుక్కోండి. కొత్త సిలబస్‌లో ప్రతి యూనిట్ కిందా పుస్తకం పేరుతోపాటు పేజీ నంబర్లు కూడా అచ్చువేయమని అడగమనండి. రిఫరెన్స్ జాబితాలోని ప్రతి పుస్తకం లైబ్రరీలో ఉందా లేదా అన్న లెక్క లైబ్రేరియన్ చేత అదే మీటింగ్‌లో పెట్టించమనండి. లేని పుస్తకాన్ని జాబితాలోంచి తీసేస్తారో, తెప్పిస్తారో అప్పుడు తేలుతుంది.